రాక్షసబల్లి బైబిల్లో ఉందా?

సండే స్కూలు టీచర్లను ఈ రోజుల్లో తరచూ తడబడేలా చేస్తున్న ప్రశ్న ఒకటుంది. ‘డైనోసార్లు బైబిల్లో ఉన్నాయా?’ అన్నదే ఆ ప్రశ్న. నల్లచెరువు, కదిరి వైపు పల్లె సంఘాలైనా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోని పెద్ద సంఘాలైనా ఈ ప్రశ్న తప్పడం లేదు. పిల్లలు వాటిని టీవీలో చూస్తున్నారు, సెల్‌ఫోన్లో చూస్తున్నారు, బడి పుస్తకాల్లో చదువుతున్నారు. ఆదివారం వచ్చేసరికి ఆ సందేహాన్ని మందిరానికి మోసుకొస్తున్నారు.

వారికి మన పెద్దలు చెప్పే జవాబులు సాధారణంగా మూడు రకాలుగా ఉంటున్నాయి. ‘అలాంటివి అడగకూడదు, వాక్యం నేర్చుకో’ అని కొందరు నోరు మూయిస్తారు. ‘అవన్నీ సినిమావాళ్ల కల్పనలు, అసలు లేనేలేవు’ అని కొందరు కొట్టిపారేస్తారు. ఇంకొందరు యోబు గ్రంథం 40వ అధ్యాయం తెరిచి, ‘ఇదిగో, డైనోసార్ అంటే ఇదే’ అని వేలు పెట్టి చూపిస్తారు. ఈ మూడు జవాబుల్లో ఏదీ పిల్లవాడికి గానీ, వాక్యానికి గానీ న్యాయం చేయడం లేదన్నది మా అభిప్రాయం. అది ఎందుకో తెలియాలంటే ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి.

ఒక మాట పుట్టుక

డైనోసార్ అనే మాటకు ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు. ఇంగ్లండులో 1824లో విలియం బక్లండ్ ఒక పెద్ద దవడ ఎముకను, మరికొన్ని ఎముకలను పరిశీలించి, ఆ జంతువుకు మెగలోసారస్ అని పేరు పెట్టాడు. ఈ బక్లండ్ భూగర్భ శాస్త్రం బోధించిన ఆచార్యుడే కాదు, అభిషేకం పొందిన బోధకుడు కూడా. మరుసటి ఏడు గిడియన్ మాంటెల్ అనే వైద్యుడు ఇగ్వానోడాన్‌ను, 1833లో హైలియోసారస్‌ను లోకానికి పరిచయం చేశాడు. అప్పటికి ఇవి మూడూ వేర్వేరు వింత జంతువులు మాత్రమే. వీటన్నిటికీ కలిపి ఒక ఇంటిపేరు లేదు.

ఆ ఇంటిపేరు పెట్టినవాడు రిచర్డ్ ఓవెన్. ఆయన శరీర నిర్మాణ శాస్త్రంలో పేరు పొందిన పండితుడు, సృష్టికర్తను నమ్మినవాడు. ఆ మూడు జంతువుల ఎముకలను పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. నడుము దగ్గర వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండడం, కాళ్లు ఏనుగు కాళ్లలా ఒంటి కిందికి నిటారుగా దిగడం గమనించాడు. ఇవన్నీ ఒకే కుటుంబమని తేల్చి, 1842లో అచ్చయిన తన నివేదికలో ‘డైనోసారియా’ అనే పేరు రాశాడు. గ్రీకు భాషలోని ‘డైనోస్’, ‘సౌరోస్’ అనే రెండు మాటల కలయిక అది. సౌరోస్ అంటే బల్లి. డైనోస్ అంటే భయంకరమైనది అని చాలామంది చెబుతారు. అయితే ఓవెన్ తన పేరుకు తానే అర్థం చెప్పుకున్నాడు. భయం పుట్టించేటంత గొప్పది అన్నది ఆయన ఉద్దేశం. చూసినవాడు పారిపోవడం కన్నా, చూసినవాడు నోట మాట లేక నిలబడిపోవడం ఆ మాటలో ఎక్కువగా ఉంది.

ఈ రెండు గ్రీకు మాటలూ పరిశుద్ధ గ్రంథాన్ని గ్రీకులో చదివినవారికి కొత్తవి కావు. పాత నిబంధనకు చేసిన ప్రాచీన గ్రీకు అనువాదంలో, లేవీయకాండం 11వ అధ్యాయంలోని అపవిత్ర జంతువుల పట్టికలో బల్లి పేరు ఈ సౌరోస్‌కు తోబుట్టువైన మాటే. మత్తయి సువార్త 8వ అధ్యాయంలో శతాధిపతి తన దాసుడు ఎంత ఘోరంగా బాధపడుతున్నాడో యేసుప్రభువుకు చెప్పినప్పుడు, ఆ ‘ఘోరంగా’ అన్నచోట ఉన్నది డైనోస్ నుంచి వచ్చిన మాటే. అంటే డైనోసార్ అనే పేరులోని ముక్కలు రెండూ గ్రీకు బైబిల్లో ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపిన పేరు మాత్రం లేదు. 1842కు ముందు లేని మాట అంతకు వేల ఏళ్ల ముందు రాసిన గ్రంథంలో ఎలా ఉంటుంది? కాబట్టి ‘ఆ మాట బైబిల్లో లేదు, అందుకే ఆ జంతువులు లేవు’ అనడం తర్కానికి నిలవదు. ‘మాట లేకపోయినా జంతువు మాత్రం అందులో ఉండే తీరాలి’ అనడం కూడా నిలవదు.

తెలుగులో రాక్షసి ఎవరు?

మన తెలుగువాళ్లు ఈ జంతువును రాక్షసబల్లి అన్నారు. చక్కని పేరే. కానీ సంఘాల్లో కొందరికి ఈ పేరే అడ్డం వచ్చింది. రాక్షసుడంటే దయ్యం, దయ్యమంటే సాతాను, కాబట్టి ఈ బల్లులు సాతాను సంబంధమైనవని తేల్చేస్తున్నారు. ఆ ఎముకలను మనుషులను మోసగించడానికి సాతానే భూమిలో దాచాడని చెప్పే బోధలు కూడా వినిపిస్తున్నాయి.

తెలుగువాడు ‘రాక్షస’ అనే మాటను ఎక్కడెక్కడ వాడాడో చూస్తే ఈ భయం పోతుంది. భూమిలోంచి తవ్విన బొగ్గును మన పెద్దలు రాక్షసి బొగ్గు అన్నారు. ఎవరు కట్టారో తెలియని ఆదిమకాలపు రాతి సమాధులను రాక్షసగుళ్లు అన్నారు. మనిషి బలానికి, మనిషి జ్ఞాపకానికి అందనిది ఏది కనిపించినా తెలుగు నోట రాక్షస అనే మాట వచ్చింది. రాక్షసి బొగ్గుతో నడిచిన రైలెక్కి సువార్తకు వెళ్లిన మన తాతలు దాన్ని సాతాను బండి అనుకోలేదు. ఓవెన్ గ్రీకులో చెప్పిన భయం పుట్టించేటంత గొప్పదనం, మనవాళ్లు తెలుగులో చెప్పిన రాక్షసత్వం దాదాపు ఒక్కటే.

ఇక రెండో సగం, బల్లి. నిజానికి అది బల్లి కూడా కాదు. మన వేరుశనగ చేలల్లో తిరిగే తొండను చూడండి. దాని కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి, పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది. డైనోసార్ కాళ్లు స్తంభాల్లా ఒంటి కింద నిలబడతాయి. బల్లుల కన్నా పక్షులే వాటికి దగ్గర చుట్టాలని, పక్షులు ఆ వంశంలోంచే వచ్చాయని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 1996లో చైనాలో ఒంటి మీద ఈకల వంటి నూగు ఉన్న చిన్న డైనోసార్ శిలాజం బయటపడ్డాక ఆ మాటకు బలం పెరిగింది. పెరట్లో తిరిగే నాటుకోడి కాలి మీది పొలుసులను పిల్లలకు చూపించి ఈ సంగతి చెప్పవచ్చు. అంటే రాక్షసబల్లి రాక్షసీ కాదు, బల్లీ కాదు. మనుషులు తమకు అప్పటికి తెలిసినంతలో పెట్టుకున్న పేరు అది. ఆదికాండం 2వ అధ్యాయంలో దేవుడు జంతువులను ఆదాము దగ్గరికి రప్పించి, వాటికి పేర్లు పెట్టే పని అతనికే అప్పగించాడు. పేరు పెట్టడం మనిషి పని. చేయడం దేవుని పని. మనం పెట్టిన పేరును చూసి మనమే భయపడడం తగదు.

గోదావరి లోయలో మన ఊరి పేరు

ఈ జంతువులు ఎక్కడో అమెరికాలో, చైనాలో మాత్రమే ఉండేవని అనుకునేవారు హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌కు ఒకసారి వెళ్లి రావాలి. అక్కడ నిలబెట్టిన పెద్ద అస్థిపంజరం పేరు కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్. ప్రాణహిత నది ఒడ్డున, నేటి మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర కోటా అనే ఊరుంది. ఆ ఊరి పేరుతో పిలిచే రాతి పొరల్లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యమన్‌పల్లి దగ్గర ఈ ఎముకలు దొరికాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి పేరు పెట్టారు. దాదాపు పన్నెండు జంతువులకు చెందిన ఎనిమిది వందలకు పైగా ఎముకలు అక్కడ బయటపడ్డాయి. అది ఆకులు మేసే జంతువు. పొడవు సుమారు 9 మీటర్లని అంచనా. ఆ రాతి పొరల వయసు పద్దెనిమిది కోట్ల సంవత్సరాల పైమాటేనని భూగర్భ శాస్త్రం చెబుతోంది.

అదే లోయలో, తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉండే సిరొంచ ప్రాంతంలోనే మరో పెద్ద జంతువు ఎముకలు దొరికాయి. దానికి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాలు మొదలైన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు చేర్చారు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. గ్రీకు, లాటిన్, బెంగాలీ, తెలుగు ఊరిపేరు ఇలా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. యమన్‌పల్లియెన్సిస్ అంటే యమన్‌పల్లికి చెందినది అని అర్థం. ఒక మారుమూల పల్లె పేరు ప్రపంచంలోని శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అని నతనయేలు అడిగిన సంగతి యోహాను సువార్తలో మనం చదువుతాం. చిన్న ఊరి పేరును తన పేరుగా ధరించిన రక్షకుని కొలిచే మనకు, పల్లె పేరుకు దక్కిన ఈ గౌరవం సంతోషం కలిగించాలి.

ఆ రాళ్లను చదివినవారిలో ఒక మిషనరీ కూడా ఉన్నాడని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. స్కాట్లండు ఫ్రీ చర్చి పంపిన స్టీఫెన్ హిస్లాప్ 1840లలో నాగపూర్ వచ్చి బడి పెట్టాడు, సువార్త ప్రకటించాడు, గోండుల భాషను, ఆచారాలను రాసిపెట్టాడు. ప్రయాణాల్లో రాళ్లను కూడా పరిశీలించాడు. తన తోటి మిషనరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి మంగలి అనే ఊరి దగ్గర దొరికిన ఒక పురాతన పుర్రెను లండన్ పంపితే, 1850లలో దాన్ని వర్ణించి పేరు పెట్టినవాడు డైనోసార్ అనే మాటను పుట్టించిన ఆ రిచర్డ్ ఓవెనే. మాలేరి దగ్గర దొరికిన ఒక ప్రాచీన చేప పళ్లకు హిస్లాప్ పేరే పెట్టారు. 1863లో ఒక వాగు దాటుతూ ఆయన మునిగి చనిపోయాడు. నాగపూర్‌లో ఆయన పేరున హిస్లాప్ కాలేజీ నేటికీ ఉంది. ఒక చేత్తో బైబిలు, మరో చేత్తో రాయి పట్టుకున్న ఆ సేవకుడికి ఏ చేతిలోనిదీ బరువు కాలేదు.

మన నల్లచెరువు చుట్టుపక్కల గుట్టల్లో మాత్రం పిల్లలు ఎంత వెతికినా ఇలాంటి ఎముక దొరకదు. ఇక్కడి నల్లరాయి, గ్రానైటు బండలు డైనోసార్ల కన్నా ఎంతో పాతవి. వాటి వయసు సుమారు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞుల లెక్క. ఎముకలున్న ఏ జంతువూ భూమి మీద లేని కాలపు రాళ్లవి. సృష్టికర్త పని ఎంత పాతదో చెప్పడానికి మన ఊరి గుండ్లే చాలు.

యోబు చూసినదేమిటి?

ఇప్పుడు యోబు గ్రంథానికి వద్దాం. 40వ అధ్యాయం 15వ వచనం నుంచి దేవుడు ఒక జంతువును వర్ణిస్తాడు. హీబ్రూలో దాని పేరు బెహేమోతు. పశువు అనే అర్థమున్న ‘బెహేమా’ అనే మామూలు మాటకు ఇది బహువచన రూపం. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు పశువులను పుట్టించినప్పుడు వాడిన మాట కూడా ఈ బెహేమాయే. యోబులో మాత్రం రూపం బహువచనమైనా, వర్ణన ఒక్క జంతువుదే. కాబట్టి ‘పశువులన్నిటిలోకీ పశువు’, ‘మహా పశువు’ అన్నంత బరువు ఆ మాటలో ఉందని పండితులు వివరిస్తారు. ప్రాచీన గ్రీకు అనువాదకులు దాన్ని మృగాలు అన్నారు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు అర్థం చెప్పకుండా హీబ్రూ మాటనే ఉంచేశారు. మన తెలుగు బైబిలు అనువాదకులు నీటిగుఱ్ఱము అన్నారు. తర్వాతి అధ్యాయంలోని లెవియాతానును మకరము అన్నారు.

ఆ జంతువు ఎద్దులా గడ్డి మేస్తుంది. తామర చెట్ల నీడన, జమ్ము మడుగుల్లో పడుకుంటుంది. నది పొంగినా బెదరదు. ఇవన్నీ నీటిగుర్రానికి సరిపోతాయి. తోకను దేవదారు చెట్టుతో పోల్చిన మాట మాత్రం సరిపోవడం లేదు, ఎందుకంటే నీటిగుర్రం తోక చిన్నది. డైనోసార్ అని చెప్పేవారు పట్టుకునేది ఈ ఒక్క పోలికనే. కొందరు ఏనుగన్నారు, కొందరు ఇది సృష్టిలోని మహా బలానికి కవి గీసిన బొమ్మ అన్నారు. ఇది కవిత్వమని మరచిపోకూడదు. అదే వర్ణనలో ఎముకలను ఇత్తడి గొట్టాలన్నారు, ఇనుప కడ్డీలన్నారు. వాటిని అక్షరాలా తీసుకోని మనం తోక దగ్గర మాత్రం కొలబద్ద పట్టుకోవడం సరికాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ జంతువు పేరేమిటో కనిపెట్టమని దేవుడు యోబుకు పరీక్ష పెట్టలేదు. పిల్లలను పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి ‘ఎందుకిలా’ అని అడుగుతున్నాడు. అతనికి దేవుడు చూపించినది, యోబును చేసిన చెయ్యే దీన్ని కూడా చేసిందన్న సత్యం. మనిషికి లొంగని బలం దేవునికి లొంగి ఉంది. నీకు అర్థం కానిది నా అదుపు తప్పిపోలేదు అన్నదే ఆ వర్ణన చెప్పే ఓదార్పు. ఆ అధ్యాయాన్ని డైనోసార్ ఉందో లేదో తేల్చే సాక్ష్య పత్రంగా మార్చేస్తే, బూడిదలో కూర్చున్నవాడికి దక్కవలసిన ఓదార్పు చేజారిపోతుంది. చేలు ఎండి, అప్పులు మీద పడి, ఎందుకిలా అని అడిగే మన రైతు విశ్వాసికి ఆ అధ్యాయం కావాలి.

దేవుని కోసం అబద్ధమా?

మన బోధకులు మంచి ఉద్దేశంతోనే ఈ పోలిక చెబుతారని మాకు తెలుసు. సైన్సు ముందు బైబిలు చిన్నబోకూడదన్న ఆరాటం వారిది. అయితే అదే యోబు గ్రంథం 13వ అధ్యాయంలో యోబు తన స్నేహితులను సూటిగా అడిగిన ప్రశ్న ఒకటుంది. దేవుని పక్షం వహించాలని మీరు అన్యాయపు మాటలు చెబుతారా, ఆయన కోసం వంచన మాటలాడతారా అని అడిగాడు. ఆ స్నేహితులు దేవుని వైపు వాదించామనే అనుకున్నారు. గ్రంథం చివర 42వ అధ్యాయంలో దేవుడు కోపించినది మాత్రం వారి మీదే. మన సహాయం లేకపోతే దేవుడు ఓడిపోతాడేమోనన్న భయం విశ్వాసం కాదు. రూఢిగా తెలియని దాన్ని రూఢిగా తెలుసునన్నట్టు పుల్పిట్ నుంచి చెప్పడం, ఎంత భక్తితో చెప్పినా, అబద్ధ సాక్ష్యానికి దగ్గరగానే ఉంటుంది.

అయిదో శతాబ్దంలోనే అగస్టీను ఈ ప్రమాదాన్ని గుర్తించాడు. భూమ్యాకాశాల గురించి అవిశ్వాసికి బాగా తెలిసిన సంగతుల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పు మాట్లాడితే, పునరుత్థానం గురించి అతను చెప్పేది మాత్రం వారు ఎందుకు నమ్ముతారని ఆయన హెచ్చరించాడు. ఈ హెచ్చరిక ఇవాళ మన పిల్లల విషయంలో నిజమవుతోంది. ‘డైనోసార్లు లేవు’ అని మందిరంలో విన్న పిల్లవాడు ఏదో ఒక రోజు మ్యూజియంలో ఆ ఎముకల ముందు నిలబడతాడు. ‘బెహేమోతు డైనోసారే’ అని కంఠతా పట్టిన అమ్మాయి డిగ్రీకి వెళ్లి యోబు గ్రంథాన్ని తానే చదువుకుంటుంది. ఈ ఒక్కటి తప్పని తేలిన రోజున, దానితోపాటు చెప్పిన సిలువ సంగతి కూడా వారి మనసులో వదులైపోతుంది. తప్పు వాక్యానిది కాదని వారికి చెప్పడానికి ఆ వేళ పక్కన ఎవరూ ఉండకపోవచ్చు.

సృష్టి దినాల నిడివి గురించి మన సంఘాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. భక్తిపరులే రెండు వైపులా ఉన్నారు. ఆ చర్చ ఒక్క వ్యాసంతో తీరేది కాదు. ఎవరు ఏ అభిప్రాయంతో ఉన్నా చేయగలిగిన పని ఒకటుంది. వాక్యం మాట్లాడిన చోట మాట్లాడడం, వాక్యం మౌనంగా ఉన్న చోట మౌనంగా ఉండడం. ఈ విషయంలో ఎముకలు తవ్వినవారి నుంచి కూడా మనం నేర్చుకోవచ్చు. యమన్‌పల్లిలో వందల ఎముకలు దొరికినా, రెండు పళ్లు తప్ప తల భాగం దొరకలేదు. దొరకలేదనే వారు రాసిపెట్టారు. తెలిసినంత చెప్పి తెలియని దగ్గర ఆగడం వారికి అవమానం కాలేదు. సత్యస్వరూపియైన దేవుణ్ణి ఆరాధించే మనకు అది ఇంకా సులభం కావాలి.

అందుకే సండే స్కూలు టీచర్లకు మా విన్నపం ఇది. పిల్లవాడు అడిగినప్పుడు కసురుకోకండి. డైనోసార్ అనే మాట 1842లో పుట్టిందని, భయం పుట్టించేటంత గొప్పదని దాని అర్థమని చెప్పండి. అవి నిజంగా బతికాయని, మన గోదావరి లోయలోనూ తిరిగాయని చెప్పండి. బైబిలు వాటి పేరెత్తలేదని, అది జంతువుల జాబితా రాయడానికి ఇచ్చిన గ్రంథం కాదని చెప్పండి. వీలైతే వేసవి సెలవుల్లో సంఘం తరఫున పిల్లలను హైదరాబాదు తీసుకువెళ్లి కోటాసారస్‌ను చూపించండి. ఆ ఎముకల కింద నిలబెట్టి 104వ కీర్తన చదివించండి. దేవుని కార్యాలు ఎన్ని విధాలుగా ఉన్నాయో అని కీర్తనకారుడు ఆశ్చర్యపోయిన చోటికి వచ్చేసరికి పిల్లలు తలెత్తి పైకి చూస్తారు. భయభక్తులు అనే మాటకు అర్థం వారికి అక్కడ తెలుస్తుంది.